చన్నీళ్ల తొట్టి, వట్టికాళ్ల నడక: ఇందులో రికవరీ ఎంత?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వారానికి మూడు రోజులు జిమ్‌లో బరువులు, రెండు రోజులు పరుగు. వ్యాయామం అవగానే ఐస్ వేసిన నీళ్ల తొట్టిలో పావుగంట. లేచాక ఒళ్లు వేడెక్కడానికి గడ్డిలో చెప్పుల్లేకుండా అరగంట నడక. రెండు నెలలుగా ఇదే పద్ధతి. తొడల నొప్పులు తగ్గాయి గానీ ఎత్తే బరువు పెరగడం ఆగిపోయింది, పిక్కలు ఎప్పుడు చూసినా పట్టేసినట్టే ఉంటున్నాయి, ఈమధ్య కుడి పాదం పైభాగంలో కొత్తగా నొప్పి మొదలైంది. "రికవరీ కోసం ఇంత చేస్తుంటే ఇలా ఎందుకవుతోంది?" అన్నది మీ ప్రశ్న. బీపీ, షుగర్ రెండూ ఉన్న మీ నాన్నగారు కూడా మీతో పాటు మొదలుపెడతానంటున్నారని చివర్లో రాశారు.

రన్నర్లకూ జిమ్‌కి వెళ్లేవాళ్లకూ ఫిజియోథెరపీ చేస్తూ చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నా ఉద్దేశంలో మీరు చేస్తున్నవాటిలో చన్నీళ్లు నొప్పిని తగ్గిస్తాయి, అంతే. కండరాన్ని బాగుచేయడం వాటి పని కాదు. వట్టికాళ్ల నడకైతే రికవరీయే కాదు, పాదాలకు అదొక వ్యాయామం. అంటే మీరు విశ్రాంతి అనుకుంటున్న అరగంటలో మీ పాదాలు, పిక్కలు ఇంకో షిఫ్ట్ డ్యూటీ చేస్తున్నాయి.

అన్నిటికంటే ముందు పాదం సంగతి చూద్దాం, తొందర పడాల్సింది అక్కడే. కుర్చీలో కూర్చుని కుడి కాలు ఎడమ మోకాలి మీద పెట్టుకోండి. బొటనవేలి పక్క వేలి మొదలు నుంచి పాదం పైభాగం మీదుగా చీలమండ వైపు పొడవాటి ఎముక ఒకటి వెళ్తుంది. ఒక్క వేలి కొసతో ఆ ఎముక వెంబడి కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ వెళ్లండి. తర్వాత దాని పక్క ఎముక. నొప్పి పాదమంతా పరుచుకుని ఉంటే, నొక్కినప్పుడు ఎక్కడా ప్రత్యేకంగా లేకపోతే, అది పైనుండే స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) రేగడం కావచ్చు. అలా కాకుండా రూపాయి బిళ్ల అంత చోటులో, సరిగ్గా ఎముక మీద నొక్కగానే ప్రాణం లాగేసినట్టు నొప్పి పుడితే, ఆ కాలి మీద ఒంటికాలితో మునివేళ్ల మీద లేచినప్పుడు అదే చోట నొప్పి వస్తే, అది ఎముక ఒత్తిడికి లోనైన లక్షణం. దాన్ని పట్టించుకోకపోతే సన్నటి పగులు దాకా వెళ్తుంది. అలా ఉంటే పరుగు, వట్టికాళ్ల నడక రెండూ ఇవాళే ఆపి డాక్టర్‌కి చూపించండి. ఒక జాగ్రత్త. ఇలాంటి పగుళ్లు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించవు. ఎక్స్‌రే బాగుందన్నారు కదా అని మళ్లీ పరుగెత్తకండి. నొప్పి అలాగే ఉంటే ఎమ్మారై అవసరమా అని డాక్టర్‌నే అడగండి.

ఇలా ఎందుకవుతుందో చెప్తాను. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. వాటి మధ్య చిన్న చిన్న కండరాలు వరసలు వరసలుగా ఉంటాయి. మెత్తటి అడుగు, వంపు కింద ఆసరా ఉన్న బూట్లలో ఏళ్ల తరబడి ఉన్నప్పుడు ఆ కండరాలకు పని తక్కువ. బూటు మడమ సాధారణంగా ముందు భాగం కంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది కాబట్టి పిక్క, దాని కిందుండే ఎకిలీస్ స్నాయువు పూర్తిగా సాగాల్సిన అవసరం కూడా రాదు. బూట్లు విప్పి నడవగానే మడమ ఆ మేరకు కిందికి దిగుతుంది, పిక్క ఎక్కువ సాగాలి. అడుగు చిన్నదవుతుంది, బరువు పాదం ముందు భాగం మీద కొంచెం ఎక్కువగా పడుతుంది. ఇదంతా చెడ్డదని కాదు, అలవాటు లేని పని అంతే. అందులోనూ మీరు ఆ పనిని పాదాలు అప్పటికే అలసిపోయి ఉన్నప్పుడు, పరుగు తర్వాత, అరగంట పాటు చేయిస్తున్నారు. పిక్కలు పట్టేయక ఏం చేస్తాయి?

కండరం కొన్ని వారాల్లోనే కొత్త పనికి సర్దుకుంటుంది. ఎముకకు, స్నాయువుకు నెలలు పడుతుంది. మనిషి మాత్రం కండరం చెప్పిన మాటే వింటాడు, "ఇప్పుడు అలసట రావట్లేదు, ఇంకొంచెం పెంచుదాం" అనుకుంటాడు. 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు అలవాటుపడ్డ రన్నర్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత పది వారాల్లో మెల్లగా పలచటి అడుగు బూట్లకు మార్పించారు. ముందూ తర్వాతా పాదాలకు ఎమ్మారై తీశారు. మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగినట్టు కనిపించింది. వాళ్లు చేసింది పరుగు, మీది నడక, కాబట్టి అదే స్థాయి ప్రమాదం మీకు ఉందనను. కానీ మెల్లగా మార్చినా సగం మందికి అలా అయిందన్నది గుర్తుంచుకోవాలి.

అదే విశ్వవిద్యాలయం 2019లో ప్రచురించిన ఇంకో పరిశోధన దీనికి రెండో వైపు. పలచటి అడుగు బూట్లతో రోజూ నడిచినవాళ్లకు ఎనిమిది వారాల్లో పాదం కండరాలు పెరిగాయి, బలం పెరిగింది. పనిగట్టుకుని పాదాల వ్యాయామాలు చేసినవాళ్లకు ఎంత లాభం వచ్చిందో వీళ్లకూ దాదాపు అంతే వచ్చింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా రన్నర్ అబేబే బికిలా వట్టికాళ్లతో పరుగెత్తి మారథాన్ గెలిచిన సంగతి అందరూ చెప్తారు. అతనికి అది కొత్త ప్రయోగం కాదన్నది మాత్రం ఎవరూ చెప్పరు. వట్టికాళ్ల నడకకు నేను వ్యతిరేకిని కాను, చాలామందికి నేనే చెప్తాను. కాకపోతే దాన్ని రికవరీ ఖాతాలో కాకుండా వ్యాయామం ఖాతాలో రాసుకోమంటాను.

ఇక్కడ "భూమి నుంచి ఎలక్ట్రాన్లు పాదాల గుండా ఒంట్లోకి వచ్చి మంట తగ్గిస్తాయి" అనే మాట గురించి కూడా చెప్పాలి, మీరూ ప్రస్తావించారు కాబట్టి. దీని మీద వచ్చిన పరిశోధనలు చాలా చిన్నవి. వాటిలో కొన్నింటిని చేసినవాళ్లకు ఒంటిని భూమితో కలుపుతామంటూ చాపలు, వైర్లు అమ్మే కంపెనీతోనే సంబంధాలున్నాయి. గడ్డి మీద నడిస్తే హాయిగా ఉంటుంది, మనసు కుదుటపడుతుంది, అది చాలు. ఎలక్ట్రాన్ల కోసమైతే నడవక్కర్లేదు. ఆ చాపలు, వైర్లు కొనకండి.

ఇక చన్నీళ్లు. వ్యాయామం చేసిన మర్నాడు, ఆ మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆసిడ్ కారణమని ఇప్పటికీ చాలామంది ట్రైనర్లు చెప్తారు. అది నిజం కాదు. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పులు వచ్చేది 24 నుంచి 72 గంటల మధ్య. కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, అంటే స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడో, వాలు మీద పరుగెత్తేటప్పుడో, దాని పోగుల్లో జరిగే సూక్ష్మమైన నష్టం, దాని తర్వాత నడిచే మరమ్మతు పని ఆ నొప్పికి మూలం. కాబట్టి "ఐస్‌తో ఆసిడ్ బయటికి పోతుంది" అన్నది ఎంత నమ్మకంగా చెప్పినా తప్పే.

మరి నొప్పి తగ్గుతోంది కదా అంటారా, తగ్గుతుంది. 2012లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 చిన్న పరిశోధనలను కలిపి చూసి, ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే చన్నీళ్లలో దిగితే ఆ ఒళ్లు నొప్పులు కొంత తగ్గుతాయని తేల్చింది. చలికి నరాల్లో సంకేతాల వేగం తగ్గుతుంది, చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, నీటి ఒత్తిడి కాళ్ల నుంచి రక్తాన్ని పైకి నెడుతుంది. కొంత నమ్మకం కూడా ఉంది. 2014లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక ప్రయోగంలో తీవ్రమైన సైక్లింగ్ తర్వాత కొందరిని చన్నీళ్లలో, కొందరిని గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టారు. మూడో జట్టును గోరువెచ్చటి నీళ్లలోనే కూర్చోబెట్టి, రికవరీకి బాగా పనిచేసే ప్రత్యేకమైన నూనె అంటూ వాళ్ల ఎదురుగానే ఏదో కలిపారు. అది చర్మం కడుక్కునే మామూలు లిక్విడ్. ఆ జట్టుకు కాళ్ల బలం తిరిగి రావడం చన్నీళ్ల జట్టుతో సమానంగా ఉంది! దాన్ని బట్టి చన్నీళ్లు మోసమని నేను అనను. నొప్పి తగ్గిందన్న అనుభవాన్ని మాత్రం "లోపల కండరం బాగైంది" అనడానికి సాక్ష్యంగా తీసుకోవద్దు.

మీ బరువులు ఎందుకు ఆగిపోయాయి అన్నదానికి నా అనుమానం ఇక్కడే. 2015లో ఆస్ట్రేలియాలోనే 21 మంది మగవాళ్ల చేత పన్నెండు వారాల పాటు వారానికి రెండుసార్లు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. దాదాపు సగం మంది అవగానే 10 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు కూర్చున్నారు, మిగతావాళ్లు పది నిమిషాలు తేలిగ్గా సైకిల్ తొక్కారు. చివరికి చన్నీళ్లలో కూర్చున్నవాళ్లకు కండరం, బలం రెండూ తక్కువ పెరిగాయి. వ్యాయామం తర్వాత కండరాన్ని పెంచమని వెళ్లే సంకేతాలు చలికి మందగిస్తాయి. రక్తప్రసరణ తగ్గితే ప్రొటీన్ అందడమూ తగ్గుతుంది. పైగా 2017లో ఆ బృందంలోని వాళ్లే కండరం ముక్కలు తీసి పరీక్షించినప్పుడు, చన్నీళ్లకూ తేలికపాటి సైకిల్‌కూ మధ్య కండరం లోపలి ఇన్‌ఫ్లమేషన్‌లో (వాపు, మంటలో) తేడా కనిపించలేదు. అంటే అందరూ ఏ లాభం కోసం దిగుతున్నారో అది అనుకున్నట్టు రావట్లేదు, ఎవరూ కోరుకోని నష్టం మాత్రం వస్తోంది. నిద్ర, తిండి సరిగా ఉండి కూడా మీ బరువులు ఆగిపోయాయంటే, నేను మొదట తీసేసేది ఐస్ తొట్టినే.

పరుగు విషయంలో ఇలా కాదు. దమ్ము పెంచే వ్యాయామాల లాభాన్ని చన్నీళ్లు తగ్గిస్తాయని ఇప్పటిదాకా గట్టి ఆధారం లేదు. అందుకే నా సలహా ఏమిటంటే, బరువుల రోజున చన్నీళ్లు వద్దు. మరీ అలవాటు మానలేకపోతే వ్యాయామానికి ముందో, లేదా ఐదారు గంటలు గడిచాకో చూసుకోండి. దూరం పరుగు రోజున, ఎండలో ఒళ్లు కాగిపోయిన రోజున, లేదంటే ఇవాళ ఒక మ్యాచ్ రేపు ఇంకో మ్యాచ్ ఉన్నప్పుడు దిగొచ్చు. రేపటికి కాళ్లు తేలిగ్గా ఉండటం ముఖ్యమా, మూడు నెలల తర్వాత కండరం పెరగడం ముఖ్యమా అన్నది ఏ రోజుకారోజు మీరే తేల్చుకోవాలి.

దిగేటప్పుడు ఎంత చల్లగా అన్నది చాలామంది పంతానికి పోతారు. 10 నుంచి 15 డిగ్రీల నీళ్లు, పది నుంచి పదిహేను నిమిషాలు, నడుము దాకా. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది ఇంతే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 18, 20 డిగ్రీల నీళ్లలో నాలుగైదు నిమిషాలు చాలు. మీరు "ఐస్ రెండు బకెట్లు" అని రాశారు, డిగ్రీలు రాయలేదు. ఒక థర్మామీటర్ పెట్టుకోండి. ఐస్ పైన తేలుతుంది కాబట్టి పైనొక చలి, అడుగున ఇంకో చలి ఉంటుంది, చేత్తో బాగా కలిపి అప్పుడు చూడండి. కదలకుండా కూర్చుంటే ఒంటి చుట్టూ పలచటి వెచ్చని పొర ఏర్పడి, భరించగలుగుతున్నాం అనిపిస్తుంది. కొంచెం కదలగానే ఆ పొర చెదిరి మళ్లీ చలి కొరుకుతుంది. అందుకే పక్కవాడు ఎన్ని నిమిషాలు కూర్చున్నాడన్న లెక్కకు అర్థం లేదు.

అసలు ప్రమాదం మొదటి రెండు మూడు నిమిషాల్లో ఉంటుంది. చర్మం ఒక్కసారిగా చల్లబడగానే మనకు తెలియకుండానే గట్టిగా ఊపిరి లాగేస్తాం. ఆ వెంటనే ఊపిరి వేగం, గుండె వేగం, బీపీ అన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. కాబట్టి దూకొద్దు, తల ముంచొద్దు, ఒంటరిగా దిగొద్దు. ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, తర్వాత నడుము. ఊపిరి అదుపులోకి వచ్చాకే తర్వాతి అడుగు. ఊపిరి బిగబట్టే విన్యాసాలు నీళ్లలో అస్సలు వద్దు, స్పృహ తప్పి మునిగిపోయినవాళ్లున్నారు. లేచేటప్పుడు తొట్టి అంచు పట్టుకుని మెల్లగా లేవండి. కాళ్లను నొక్కి ఉంచిన నీటి ఒత్తిడి పోవడంతో తల తిరగొచ్చు. తర్వాత ఒళ్లు తుడుచుకుని, పొడి బట్టలు వేసుకుని కూర్చోండి. బయటికి వచ్చాక కూడా కొన్ని నిమిషాలు లోపలి వేడి తగ్గుతూ ఉంటుంది, వణుకు అప్పుడే ఎక్కువ. అది మామూలే. మాట తడబడుతున్నా, వణుకు ఆగకపోయినా మామూలు కాదు.

చన్నీళ్ల షవర్ చాలదా అని కూడా అడిగారు. కండరం దాకా చలి చేరాలంటే తొట్టి అంత పని షవర్ చేయదు. కానీ మెలకువ తెప్పిస్తుంది, హుషారుగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో మూడు వేల మందికి పైగా జనంతో చేసిన ప్రయోగం 2016లో వచ్చింది. స్నానం చివర్లో 30 సెకన్ల నుంచి 90 సెకన్ల దాకా చన్నీళ్లు పోసుకున్నవాళ్లు ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టడం 29 శాతం తగ్గింది. జబ్బుగా ఉన్న రోజులు మాత్రం తగ్గలేదు. ఒంట్లో బాగాలేకపోయినా పనికి వెళ్లగలిగారన్నమాట. 30 సెకన్లకూ 90 సెకన్లకూ తేడా లేదు కాబట్టి అరనిమిషంతో సరిపెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చనిది, ఆ వరస. ఐస్ తొట్టి ముందు, వట్టికాళ్ల నడక తర్వాత. వట్టికాళ్ల నడకకు ఉన్న రక్షణంతా అరికాలి స్పర్శే. రాయి తగిలితే బరువు వెంటనే పక్కకు తీసేస్తాం, అడుగు గట్టిగా పడుతుంటే మెత్తగా వేస్తాం, ఏదో నొప్పి పెడితే ఆగిపోతాం. పావుగంట ఐస్‌లో ఉన్న పాదానికి ఆ సమాచారమే అందదు. గాజుపెంకు గుచ్చుకున్నా ఇంటికొచ్చి రక్తం చూస్తే గానీ తెలియదు. ఎముక మీద పడే ఒత్తిడి కూడా అలాగే దొంగచాటుగా పేరుకుంటుంది. మీ పాదం నొప్పి నడిచేటప్పుడు లేదనీ, సాయంత్రానికి వస్తుందనీ రాశారు. తిమ్మిరెక్కిన కాలితో నడిచినవాళ్లకు అలాగే ఉంటుంది మరి.

మంచులో తడిసిన గడ్డి మీద నడక, చన్నీళ్లలో కాళ్లు పెట్టడం కలిపి చెప్పే పద్ధతి కొత్తదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ అనే మతగురువు దీన్ని ప్రచారం చేశారు. ఆయన పేరుతో ఆ పద్ధతులు అక్కడ ఇప్పటికీ నడుస్తున్నాయి. కానీ వాటిలో కాళ్లు చన్నీళ్లలో ఉండేది కొద్దిసేపే. చలి గట్టిగా అనిపించగానే బయటికి వచ్చి, కాళ్లను కదలిస్తూ వెచ్చబరచుకోవాలి. పావుగంట ఐస్, అరగంట నడక అన్న కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో గానీ అక్కడివైతే కావు.

పాదం నొప్పి పూర్తిగా పోయాక, డాక్టర్ సరేనన్నాక, మళ్లీ ఇలా మొదలుపెట్టండి. పరుగు లేని రోజు చూసుకుని ఇంట్లోనే నున్నటి నేల మీద ఐదు నిమిషాలు, పాదాలు వెచ్చగా ఉన్నప్పుడు. మర్నాడు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు మడమ కింద పొడిచినట్టు ఉందా చూడండి. ఉంటే ఎక్కువైనట్టే, రెండు రోజులు ఆపండి. లేకపోతే వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోండి. మెత్తటి ఇసుక తేలికనుకుంటారు చాలామంది. నిజానికి మడమ లోపలికి కూరుకుపోయి పిక్క మీద, అరికాలి పొర మీద భారం పెరుగుతుంది, దాన్ని ఆఖరికి ఉంచుకోండి. గడ్డిలో ఏముందో కనిపించదు కాబట్టి తెలిసిన చోటైతేనే. మట్టి తేమగా, అపరిశుభ్రంగా ఉన్నచోట కొంకిపురుగుల పిల్లలు అరికాలి చర్మంలోంచే లోపలికి పోతాయి, అలాంటి చోటుకు వెళ్లకండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ఒకసారి చూసుకోండి. అరికాలు మొద్దుబారుతుందేమో అని కంగారు పడకండి. కెన్యాలో వట్టికాళ్లతో తిరిగేవాళ్ల మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది, చర్మం మందమైనా స్పర్శ తగ్గలేదని తేలింది.

మీ నాన్నగారి విషయంలో మాత్రం నేను ఇంత ఉదారంగా ఉండలేను. బీపీ ఉన్నవారికి ఐస్ తొట్టి వద్దు. చలి తగిలిన మొదటి నిమిషంలోనే బీపీ ఎగబాకుతుందని పైన చెప్పాను కదా, గుండె రక్తనాళాల్లో ఇరుకు ఉంటే ఆ ఒక్క నిమిషం చాలు. బీపీకి వేసుకునే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని అదుపు చేస్తాయి కాబట్టి ఒంటి స్పందన కూడా మారిపోతుంది. ఆయనకు చల్లగా కావాలనిపిస్తే స్నానం చివర్లో కాళ్ల మీద కొద్దిగా చన్నీళ్లు పోసుకోవచ్చేమో, అదీ వాళ్ల డాక్టర్‌ని అడిగాకే. వట్టికాళ్ల నడకైతే షుగర్ ఎంతకాలంగా ఉందన్నదాన్ని బట్టి, పాదాల్లో స్పర్శ ఎలా ఉందన్నదాన్ని బట్టి. క్లినిక్‌లో పది గ్రాముల బరువు దగ్గర వంగే సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద తాకించి చూస్తారు, ఐదు నిమిషాల పని. స్పర్శ తగ్గిందని తేలితే బయటే కాదు, ఇంట్లో కూడా చెప్పులతోనే తిరగాలి, చిన్న గీత కూడా మానని పుండుగా మారే ప్రమాదం ఉంది. స్పర్శ బాగుంటే మంచి బూట్లు వేయించి, మీతో పాటు పొద్దున్నే నడకకు తీసుకెళ్లండి. ఆ పరీక్ష ఈ వారంలోనే చేయించండి, మీ పాదం ఎలాగూ చూపించుకోవాలి కదా, ఇద్దరూ కలిసే వెళ్లండి.